ఏసురత్నంగారి బాధ్యులు

ఏసురత్నంగారు లోకంలో దేన్నైనా సహిస్తారు గాని, తిట్టడానికి మనిషి లేని వస్తువును మాత్రం సహించరు.

ఫ్యాను ఆగిపోయిందనుకోండి, ఆయనకు బాధ లేదు. ఆగిన ఫ్యానుకు బాధ్యుడంటూ ఒకడు లేకపోతేనే బాధ. రెజిమెంటల్ బజార్‌లో ఆయన నడిపే ఎబెనేజరు టెంట్ హౌస్‌లో గోడ గడియారానికీ, నీళ్ల డ్రమ్ముకీ, తలుపు గొళ్లేనికీ ఒక్కొక్క చీటీ అంటించి ఉండేది. ఆ వస్తువు చెడిపోతే ఎవరిని తిట్టాలో ఆ చీటీ మీద రాసి ఉండేది. ఆ తిట్లు పడినందుకు ఆ మనిషికి ఏడాది పొడుగునా జీతం లాంటిది ముట్టేది. గొడుగుకు కూడా కాంట్రాక్టు ఇచ్చిన మనిషిని సికింద్రాబాద్‌లో ఈయన్ని తప్ప ఇంకొకరిని నేను చూడలేదు. వానలో గొడుగు తిరగబడితే తడుస్తూ షాపుకు వచ్చి, తల తుడుచుకోకముందే ఫోను ఎత్తేవారు.

"దీనికి బాధ్యుడెవరు?"

ఆ ప్రశ్న లేకుండా ఆయనకు పూట గడిచేది కాదు. ఒకసారి బాపట్ల నుంచి బంధువులు వస్తున్నారని స్టేషన్‌కు వెళ్లారు. రైలు ఆలస్యం. ఎంక్వైరీ కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డారు.

"సిగ్నల్ ప్రాబ్లం అండీ," అన్నాడు లోపలి ఆయన.

"ఆ సిగ్నల్ పేరేంది?"

"సిగ్నల్‌కి పేరుంటుందా సార్?"

"పేరు లేనిదాన్ని పట్టాల పక్కన ఎట్లా నిలబెట్టారయ్యా!"

రైలు వచ్చింది, బంధువులు దిగారు, ఆటో ఎక్కి ఇంటికి కూడా పోయారు. ఈయన మాత్రం ఇంకా కిటికీ దగ్గరే ఉన్నారు.

చర్చిలోనూ అంతే. ఒక ఆదివారం పాస్టర్‌గారు లోకంలోని పాపాన్ని గురించి గట్టిగా చెబుతుండగా మైకు చెవులు చిల్లులు పడేలా కీచుమంది. ఏసురత్నంగారు లేచి నిలబడి "దీనికి బాధ్యుడెవరు?" అన్నారు. పాస్టర్‌గారు తడుముకోకుండా "మనమందరమూ!" అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. ఈయన కూర్చుని, పక్కాయనతో "అందరూ అంటే ఎవరూ లేరని," అని గొణిగారు.

ఇంట్లో పులుసులో ఉప్పెక్కువైన రోజున కూడా అదే ప్రశ్న వేశారు. ఆయన భార్య మార్తమ్మగారు గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, "నేనే. రేపట్నించి మీరు. చాలా?" అన్నారు. ఆయన ఆ పులుసు మాట్లాడకుండా తిన్నారు. ఆయన తిట్టలేని బాధ్యురాలు ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే.

నేను ఆయన చేతికి చిక్కింది కంప్యూటర్ వల్ల. రెండువేల అయిదో, ఆరో. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే చిరిగిన కంప్యూటర్ పుస్తకాలు చదివి, నాకు వచ్చిందంతా నాకు నేనే నేర్చుకున్నాను. కంపెనీలవాళ్లు నా ముఖం చూడకముందే సర్టిఫికెట్ అడిగేవాళ్లు. అందుకని కంపెనీలంటే మంట. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లంటే మంట. అమ్మింది చాలక సపోర్టు పేరుతో ఏటేటా పిండేవాళ్లంటే ఇంకా మంట. టెంట్ హౌస్ పక్కనున్న నెట్ సెంటర్‌లో కూర్చుని, వినేవాడు దొరికితే చాలు, "ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీగ దొరుకుతది, సపోర్టు కొనుడు శుద్ధ దండుగ" అని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. సాయంత్రం మల్కాజ్‌గిరిలో అన్న ఇంటికి పోతే, వదిన రొట్టె వడ్డిస్తూ, "ఇయ్యాలనన్న ఏమన్న దొరికిందా? పాపం," అనేది. మంచి మనిషే. కాని ఆ 'పాపం' తరువాత రొట్టె గొంతు దిగేది కాదు.

ఒకరోజు పక్క షాపులోంచి కేక వినబడింది. కంప్యూటర్‌లో వేసిన దొంగ సీడీ సిస్టమ్ వైరస్ పట్టి చచ్చింది. మర్నాడు బోయిన్‌పల్లిలో పెళ్లి. ఏ కుర్చీలు ఎక్కడికి పోయాయో ఆ పెట్టెకు తప్ప ఎవరికీ తెలియదు. ఏసురత్నంగారు తల పట్టుకుని కూర్చున్నారు.

"కుర్చీలు పోతే పోయినై," అన్నారు నన్ను చూసి. "ఆ సీడీ అమ్మినవాడి పేరు అడగటం మర్చిపోయానయ్యా! ఇప్పుడెవర్ని తిట్టను?"

నేను మధ్యాహ్నం దాకా కూర్చుని లెక్కలు బయటికి లాగి, లినక్స్ అనే ఇంకో సిస్టమ్ ఎక్కించాను. కుర్చీలు దొరికాయి. పెళ్లి గండం గట్టెక్కింది. ఆయన సంతోషంగా అడిగారు.

"ఎంతయ్యా దీని ఖరీదు?"

"ఫ్రీ సార్."

"ఎవరు చేశారు?"

"లోకంల ఉన్నోళ్లంత కలిసి చేసిన్రు సార్. ఎవరికి తోచింది వాళ్లు."

ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. "మరి చెడిపోతే?"

"నెట్ల అడిగితే ఎవరో ఒకరు చెప్తరు. మొన్న నాకు జర్మనీల ఒకతను చెప్పిండు."

"ఆయన రేపు పదింటికి షాపుకి రాగలడా?"

"జర్మనీ సార్!"

"పోనీ ఫోన్‌లో తిడితే పడతాడా? తెలుగొచ్చా?"

"సార్, అసలు మీ అసువంటి చిన్న షాపుకు సపోర్టే అక్కర్లేదు. అది కంపెనీలోళ్ల దందా. వాళ్లు భయపెడ్తరు, వీళ్లు కొంటరు."

"చూడు అబ్బాయి," అన్నారాయన. "ఊరంతా కలిసి వండిన కూర ఎంత రుచిగానైనా ఉండనీ. అందులో ఈగ పడితే ఎవరి పీక పట్టుకోవాలి?"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ఈగ లేదు. నేను ఆలోచిస్తుండగానే ఆయన నా పేరు అడగడం, చీటీ మీద 'బాధ్యుడు: కె. బ్రహ్మచారి' అని రాయడం, మానిటర్ నుదుట అంటించడం అయిపోయాయి.

"నాకు పైసలొద్దు సార్. నేను దానికి ఖిలాఫ్."

"డబ్బు తీసుకోనివాణ్ణి ఎట్లా తిట్టేది? మర్యాదగా ఉంటుందా?"

అలా నేను, సపోర్టు అక్కర్లేని సిస్టమ్‌కు జీతం తీసుకునే సపోర్ట్ ఇంజినీర్‌నయ్యాను. ఇంటికి పోయి ఆ మాట చెప్పాను. ఆ రోజు వదిన 'పాపం' అనలేదు. రెండో రొట్టె అడిగి పెట్టించుకున్నాను.

శనివారం శనివారం తిట్లు తినడానికి వెళ్లాలి. చిక్కల్లా, ఆ కంప్యూటర్ చెడిపోయేది కాదు. ఏసురత్నంగారికి దాంతో ఇబ్బంది లేదు. తిట్టదలుచుకున్నవాడికి కారణాలు కరువా?

"ఏందయ్యా చారీ, పొద్దుట్నించీ నొక్కుతున్నా, బొమ్మ రాదే?"

"మీరు మానిటర్ బటన్ నొక్కలే సార్."

"నొక్కాలని నాకు చెప్పే బాధ్యత ఎవరిది?"

ఇంకోసారి ఫోన్ చేసి రమ్మంటే పరుగెత్తుకుని వెళ్లాను. బజారంతా చీకటి.

"కరెంట్ పోయింది సార్!"

"కరెంటు సంగతి నేనడిగానా? దాన్ని తిట్టడానికి వేరే ఆఫీసుంది. నీ కంప్యూటర్ ఎందుకాగిందో చెప్పు."

తిట్టడం అయ్యాక టీ తెప్పించేవారు, ఉస్మానియా బిస్కట్లతో. "తిను. తిట్లు తిని ఖాళీ కడుపుతో పోకూడదు. తిట్టినవాడికి తగులుతుంది," అనేవారు.

శనివారాల్లో ఆ బెంచీ మీద నేనొక్కణ్ణే కాదు. వీరయ్య ఉండేవాడు. పెట్రోమాక్సు దీపాల మెకానిక్. పూర్వం పెళ్లి ఊరేగింపులకు టెంట్ హౌస్ నుంచి ఆ దీపాలే పోయేవి. జనరేటర్లు, ఫోకస్ లైట్లు వచ్చాక వాటి ముఖం చూసినవాడు లేడు. అటక మీద బుద్ధిమంతుల్లా వరసగా కూర్చున్నాయి. వీరయ్య వారం వారం నిచ్చెన వేసి ఒక్కొక్కదాన్నే దించి, పంపు కొట్టి చూసి, గాజు తుడిచి, మళ్లీ ఎక్కించేవాడు. ఏసురత్నంగారు కళ్లజోడు సవరించుకుని తనిఖీ చేసేవారు.

"ఏం మెకానిక్‌వయ్యా నువ్వు? గాజు మీద వేలిముద్ర!"

"తుడుస్త సార్."

"రేపు ఎవరన్నా వచ్చి అడిగితే ఈ వేలిముద్రతో ఇవ్వనా?"

ఎవరూ వచ్చి అడగరని బజార్‌లో పావురాలకు కూడా తెలుసు. వీరయ్య మాత్రం గంభీరంగా తుడిచేవాడు.

బెంచీకి ఆ చివర లచ్చమ్మ. జంఖానాల చిరుగులు కుట్టే మనిషి. ఆమెకు చూపు తగ్గింది. అందుకని సూదిలో దారం ఏసురత్నంగారే ఎక్కించి చేతికిచ్చేవారు. కాసేపటికి వెళ్లి, కుట్టు వంకరగా ఉందని ఆయనే తిట్టేవారు. "నువ్వు దారం సక్కగ ఎక్కియ్యలే దొరా," అని ఆమె తిరగబడేది. వ్యాపారం చేతకాని మనుషులు ఎలా మునుగుతారో చూడటానికి మంచి చోటు దొరికిందని నేను మనసులో నవ్వుకునేవాణ్ణి. మునిగే పడవలో నేనూ కూర్చున్నానన్న సంగతి తోచలేదు.

అది తోచింది డోరాగారు వచ్చాక.

డోరా ఏసురత్నంగారి ఒక్కగానొక్క కూతురు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఆమె పని, ఖర్చు ఎక్కడ కోయవచ్చో చూపించడం. నాన్నకు మోకాళ్ల నొప్పులు మొదలైనాయని, ఇక షాపు వ్యవహారం తానూ చూస్తానని ఒక శనివారం వచ్చి, కంప్యూటర్‌కు ఎదురుగా కూర్చుంది. ముందు గోడల మీద చీటీలన్నీ చదివింది. గొడుగు మీది చీటీ రెండుసార్లు చదివింది.

"ఇవేంటి నాన్నా? గొడుక్కి యాన్యువల్ కాంట్రాక్టా?"

"వానాకాలం ఏటా వస్తుంది గదమ్మా."

"సరే, గొడుగు తరవాత చూద్దాం. కంప్యూటర్‌కి సపోర్ట్ ఎందుకు? మా ఆఫీసులో వేల మెషీన్లున్నాయి. ఒక్క నిమిషం ఆగితే కస్టమర్లు పోతారు. మేం సపోర్ట్ కొంటే అర్థముంది. మీకున్నది ఒకటే, అందులో ఉన్నవి కుర్చీలు."

"ముహూర్తానికి కుర్చీలు రాకపోతే మగపెళ్లివాళ్లు అరిచే అరుపు మీ కస్టమర్లు అరవలేరమ్మా. అప్పుడు నాకొక మనిషి కావాలి."

"మనిషి కావాలా వద్దా అనేది ఎంత తరచుగా చెడిపోతుందో చూసి చెప్పాలి," అంటూ ఆమె నావైపు తిరిగింది. "మీరేనా సపోర్ట్ ఇంజినీర్? ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఫెయిలైంది?"

ఏం చెబితే నా చీటీ మానిటర్ మీద నిలుస్తుందో నాకు తెలుసు. 'వారానికోసారి తక్లీఫ్ ఇస్తది మేడం' అంటే చాలు. వచ్చే శనివారం టీ, బిస్కట్లు, ఇంటి దగ్గర రెండో రొట్టె, అన్నీ భద్రం. కాని ఆమె ఫెయిల్ అన్న మాట అంది. నేను ఎక్కించిన సిస్టమ్‌ను పట్టుకుని ఫెయిల్! నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"ఫెయిలా? ఒక్కసారి సుత కాలే మేడం! గిది గిట్లనే పదేండ్లు నడుస్తది. అసలు చిన్న షాపులకు పైసలిచ్చి సపోర్టు పెట్టుకునుడే దండుగ. నేను అందరికి గదే చెప్త!"

లచ్చమ్మ సూది గాలిలోనే ఆగింది. బెంచీ మీది నుంచి వీరయ్య సన్నగా, "నీ నోట్ల మన్నువడ," అన్నాడు.

డోరాగారు నన్ను ఎంతో గౌరవంగా చూసింది. "థాంక్యూ. తన ఉద్యోగాన్ని ఇంత నిజాయితీగా తీసేసుకున్న మనిషిని మా ఆఫీసులో కూడా చూడలేదు," అని, గోటితో నా చీటీని మానిటర్ మీద నుంచి ఒలిచింది. తరువాత అటక వైపు తలెత్తి, "ఆ దీపాలకి ఎవరు?" అంది. వీరయ్య చేతిలోని గుడ్డను మడత పెట్టడం మొదలుపెట్టాడు. బాగా చిన్నదయ్యేదాకా మడత పెట్టాడు.

ఆ క్షణాన మానిటర్ టప్పున ఆరిపోయింది.

"అదిగో!" అని ఏసురత్నంగారు కుర్చీలో కూర్చునే గర్జించారు. "అదిగో! దీనికి బాధ్యుడెవరు? చారీ! పదేళ్లు నడుస్తుందన్నావే, పది నిమిషాలు నడిచిందా? ఏం ఇంజినీర్‌వయ్యా నువ్వు? నిన్ను నమ్మి పెళ్లిళ్లు ఒప్పుకున్నానే!"

ఆగే ప్రసక్తే లేని సిస్టమ్! వంగి టేబుల్ కింద చూశాను. మానిటర్ వైరు ఏసురత్నంగారి కుడికాలి చెప్పు పట్టీకి చుట్టుకుని ఉంది. ప్లగ్గు ఊడి నేల మీద పడి ఉంది. ఆయన బొటనవేలు ఇంకా దాన్ని దూరంగా నెడుతూనే ఉంది.

"సార్, ప్లగ్గు..."

ఎడమకాలు వచ్చి నా చేతివేళ్ల మీద నిలబడింది. మోకాళ్ల నొప్పుల మనిషికి అంత బలం ఎక్కడిదో!

"నోర్ముయ్! ప్లగ్గంట ప్లగ్గు! టెక్నికల్ మాటలు చెప్పి తప్పించుకుందామనా? చూశావా డోరా, ఈ మనిషే లేకపోతే ఇవాళ షాపు గతేంది?"

టేబుల్ కింద, ఆయన చెప్పు ఎదురుగా, నా సిద్ధాంతం ప్రాణం వదిలింది. "చూస్తున్న సార్," అన్నాను లోపల్నుంచి. "జెర పెద్ద ప్రాబ్లమే ఉన్నట్టుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"చెప్పలేం సార్. శానా పరేషాన్ చేస్తుంది."

అంతలో నా పక్కన ఇంకో తల కిందికి వంగింది. డోరాగారు. ఆమె ప్లగ్గును చూసింది, వైరును చూసింది, వైరు వెంబడి పోయి చెప్పును చూసింది. మెల్లగా పైకి లేచింది.

"నాన్నా."

"ఏమ్మా."

"దీనికి బాధ్యుడెవరు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి రావడం ఏసురత్నంగారి జీవితంలో అదే మొదటిసారి. ఆయన పైకప్పు చూశారు. గోడ చూశారు. "ఆ గడియారం ఆగినట్టుందే!" అన్నారు.

"నడుస్తనే ఉన్నది సార్," అన్నాడు వీరయ్య, సాయం చేస్తున్నాననుకుని.

డోరాగారు తండ్రిని చూసింది. గుడ్డను గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డ వీరయ్యను చూసింది. దారం జారిపోయిన సూదిని ఏసురత్నంగారి వైపు చాచి, ఆయన ఎక్కించి ఇస్తారని కూర్చున్న లచ్చమ్మను చూసింది. ఆమె పెదవుల చివర ఏదో కదిలింది. వేలికి అంటుకుని ఉన్న నా చీటీని మళ్లీ మానిటర్ నుదుట పెట్టి, బొటనవేలితో గట్టిగా ఒత్తింది. తరువాత ఇంకో చీటీ రాసి, వంగి, ప్లగ్గుకు తానే అంటించింది. 'బాధ్యుడు: ఏసురత్నం'.

"ఇది మళ్లీ ఊడితే నేనెవర్ని తిట్టాలో తెలియాలి కదా," అంది.

"అట్లాగేనమ్మా," అన్నారాయన, మార్తమ్మగారి పులుసు తిన్న ముఖంతో.

సాయంత్రం వీరయ్యా నేనూ బస్టాపుకు నడిచాం. నా వేళ్లు ఇంకా మండుతున్నాయి.

"తాతా, ఆ దీపాలు ఎవ్వరు కిరాయికి తీస్కపోరు. వారం వారం వచ్చి గన్ని తిట్లు ఎందుకు పడుతున్నవే?" అన్నాను.

వీరయ్య నవ్వాడు. "మా కొడుకు, కోడలు మంచోళ్లు బిడ్డా. ఏ పని చెప్పరు. 'పాపం, ముసలోడు, కూసోనియ్యి' అంటరు. గా మాట ఇంటే పాణం సగం పోతది. ఈడికొస్తే గాయన 'ఏం మెకానిక్‌వయ్యా నువ్వు' అని ఒర్లుతడు. నేను మెకానిక్‌నని ఊర్ల గాయన ఒక్కనికే యాదికున్నది."

బస్సు వచ్చింది. వీరయ్య ఎక్కుతూ వెనక్కి తిరిగి, "తిట్లు జెర ఎక్కువనే తిడ్తడు గని," అన్నాడు.

రెండు రోజులకు, నేను అన్నం ముందు కూర్చున్నాను. వదిన కూర వడ్డిస్తోంది. ఫోన్ మోగింది. ఎత్తకముందే గొంతు బయటికి వచ్చింది.

"చారీ! ఎక్కడ చచ్చావు?"

"ఇంట్ల సార్. ఏమైంది? ప్లగ్గు ఊడిందా?"

"ప్లగ్గు ఊసు నీకెందుకు? దానికి వేరే బాధ్యుడున్నాడు. నేను చెప్పేది కంప్యూటర్ సంగతి. పొద్దుట్నించీ ఒక్క తప్పు లేదు, చక్కగా నడుస్తోంది. దీనికి బాధ్యుడెవరు?"

వదిన గరిటె ఆపి నన్నే చూస్తోంది.

"నేనే సార్!" అన్నాను, వాకిట్లో ఉన్న అన్నకు కూడా వినబడేట్టు.